బుడమేరు వరద నుంచి మొంథా తుఫాను దాకా: మా ఆఫీసు పని ఇంటికి చేరడానికి పట్టిన 14 నెలలు

2024 సెప్టెంబర్ 5, గురువారం. పొద్దున పదకొండు గంటలకు మా సీనియర్ అకౌంటెంట్ అక్క ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. చీర అంచుకు బురద ఇంకా ఆరలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఫోను, ఛార్జరు. విజయవాడలో బుడమేరు వాగు పొంగి, సింగ్ నగర్‌లో వాళ్ల ఇల్లు ఆదివారం నుంచి నీళ్లలోనే ఉంది. నాలుగు రోజులు మేడ మీద గడిపి, ఆ రోజు పడవలో బయటపడి, పిల్లల్ని గుణదలలో చెల్లెలింట్లో దింపి నేరుగా ఆఫీసుకు వచ్చారు. ముందు కాస్త కాఫీ తాగమంటే వినలేదు.

"తమ్ముడూ, నా సిస్టమ్ ఆన్ చెయ్యి. 11వ తేదీ వచ్చేస్తోంది" అన్నారు.

ఆవిడ చూసే క్లయింట్ల ఫైళ్లన్నీ ఆవిడ డెస్క్‌టాప్‌లోని డీ డ్రైవ్‌లో ఉన్నాయి. పాస్‌వర్డ్ ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. నెలనెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను వెయ్యాలి. అందుకోసం మనిషి పడవెక్కి రావాల్సి వచ్చింది. కంప్యూటర్లు చూసుకునేది నేనొక్కడినే కాబట్టి ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ కుర్చీలో కూర్చుని లాగిన్ అవుతుంటే పక్కన నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను.

మాది విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. సీఏ శిక్షణలో ఉన్నవాళ్లు, అంటే ఆర్టికల్స్‌తో కలిపి 22 మంది. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది కాబట్టి మాకు నీళ్లు రాలేదు. కానీ 9 మంది సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు వాళ్లు. వాళ్లలో కొందరు పది రోజులకు పైగా రాలేకపోయారు. ట్యాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబర్ 30. దాన్ని అక్టోబర్ 7 దాకా పెంచారు, అంతే. ఆ నెల ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

ఆ నెలలోనే రెండు అడ్డదారులు ప్రయత్నించాను, రెండూ పనికిరాలేదు. మొదటిది, ఉచితంగా దొరికే స్క్రీన్ షేరింగ్ సాఫ్ట్‌వేర్. ఒక డెస్క్‌టాప్‌కి ఒక మనిషే. పైగా ఆఫీసు పనికి వాడుతున్నారని దానికి అనుమానం వచ్చి మాటిమాటికీ తెగిపోయేది. రెండోది వీపీఎన్, అంటే ఇంటి కంప్యూటర్‌ని ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే దారి. ఇంట్లో లాప్‌టాప్‌లో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) పెట్టి, వీపీఎన్ మీదుగా ఆఫీసు కంప్యూటర్లోని డేటా ఫోల్డర్‌ని తెరవడం. ఒక కంపెనీ పుస్తకాలు తెరుచుకోవడానికే ఆరు నిమిషాలు పట్టింది. మధ్యలో నెట్ పోతే డేటా పాడైందని మెసేజ్ వచ్చింది. రాత్రికి రాత్రి బ్యాకప్ నుంచి తీసి పెట్టాను. అప్పుడు నాకు ఒక విషయం బాగా తలకెక్కింది. ట్యాలీ అయినా ఇంకోటైనా, ప్రోగ్రాము డేటా పక్కనే ఉండాలి. ఇంటికి వెళ్లాల్సింది స్క్రీన్ మీద బొమ్మ ఒక్కటే. ఇంటి నుంచి రావాల్సింది కీబోర్డు, మౌస్ కదలికలు ఒక్కటే.

కంపెనీ రిటర్నులకు నవంబర్ 15 చివరి తేదీ. ఆ రోజు కార్తీక పౌర్ణమి కూడా. రాత్రి పదింటికి చివరి రిటర్ను వేశాక, మర్నాడు శనివారం మా సార్ నన్ను పిలిచారు. "ఏమయ్యా, వచ్చే సీజన్‌కి మన వాళ్లు ఎక్కడున్నా పని జరగాలి. ఏం కావాలో రాసుకురా" అన్నారు. ఐదున్నర లక్షలు అవుతుందని నేను రాసుకెళ్లాను. ఆ అంకె ఎంత తప్పో కింద చెప్తాను.

కొటేషన్లకు మూడు వారాలు పట్టింది. ఒకాయన మనిషికి నెలకింత చొప్పున క్లౌడ్ డెస్క్‌టాప్‌లు, అంటే బయటి కంపెనీ సర్వర్ల మీద నడిచే కంప్యూటర్లు, తీసుకోమన్నారు. మూడేళ్ల లెక్క వేస్తే సర్వర్ కొనడం కంటే ఎక్కువే తేలింది. పైగా కంపెనీల పుస్తకాలకు రోజూ బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలన్న రూలు 2022 నుంచి ఉంది. ఆ సర్వర్లు ఎక్కడున్నాయని అడిగితే సూటిగా జవాబు రాలేదు. ఇంకొకరు, ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ పెట్టమన్నారు. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొన్నాక చిన్న ఆఫీసులకు ఇచ్చే పాత కిట్లు ఆగిపోయాయి, ఉచిత వెర్షన్ కూడా 2024 ఫిబ్రవరిలో తీసేశారు. మా సైజు ఆఫీసుకి ఆ ధర మొయ్యలేనిది. చివరికి సర్వర్ ఒకటి కొని, దాని మీద అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ వేసి, అందులో వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు, పెట్టుకుందామని నిర్ణయించాం. ప్రాక్స్‌మాక్స్‌కి లైసెన్సు డబ్బులు కట్టనక్కర్లేదు. సపోర్టు కావాలంటేనే కట్టాలి.

డిసెంబర్ 18న ఆర్డర్ పెట్టాం. రెండు వారాల్లో వస్తుందన్నారు. సంక్రాంతి వెళ్లిపోయింది, ఫోన్లు చేస్తూనే ఉన్నాను. జనవరి 24న వచ్చింది, అంటే 37 రోజులకు. 16 కోర్లు, 128 జీబీ ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు ఒకదానికొకటి నకలుగా, డేటాకి ఇంకో రెండు. ఆన్ చేయగానే ఫ్యాన్ల చప్పుడికి పక్క గదిలో వాళ్లు లేచి వచ్చారు. ఎవరి టేబుల్ పక్కనా పెట్టే వస్తువు కాదది. జిరాక్స్ మెషీన్ ఉన్న చిన్న గది ఖాళీ చేయించి అక్కడ పెట్టాం. ఆ గదికి ఏసీ కావాలని నా లిస్టులో లేదు. పాత ఏసీ ఒకటి మార్చి పెట్టించాం.

శని, ఆదివారాలు, అంటే జనవరి 25, 26 తేదీల్లో ఇన్‌స్టాలేషన్. ప్రాక్స్‌మాక్స్ ఇరవై నిమిషాల్లో ఎక్కేసింది. విండోస్ సర్వర్ 2022 దగ్గర ఆగిపోయాను. ఏ డిస్కులో వెయ్యాలో ఎంచుకోమన్న చోట లిస్టు ఖాళీగా ఉంది. డిస్కే చచ్చిపోయిందేమో అని చెమటలు పట్టాయి. గంటన్నర తర్వాత తెలిసింది, ఆ వర్చువల్ డిస్కుకి విండోస్ దగ్గర డ్రైవర్ ఉండదు. వర్ట్ఐఓ అనే డ్రైవర్లున్న ఐఎస్ఓ ఫైలుని రెండో సీడీలా తగిలించి, 'లోడ్ డ్రైవర్' నొక్కి, అక్కడి నుంచి ఎక్కిస్తే డిస్కు కనిపిస్తుంది. మొదటిసారి వేసేవాళ్లు ఆ ఐఎస్ఓ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఆ ఒక్క పెట్టెలో మూడు మెషీన్లు చేశాను. ఒకటి డొమైన్ కంట్రోలర్, అందరి యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు దాంట్లో ఉంటాయి. రెండోది అసలైనది, 22 మంది ఒకేసారి లాగిన్ అయి పని చేసుకునే సెషన్ హోస్ట్. ట్యాలీ, ఎక్సెల్, రిటర్నుల సాఫ్ట్‌వేర్ అన్నీ అందులోనే. మూడోది చిన్న లైనక్స్ మెషీన్, బయటి నుంచి వచ్చేవాళ్లకు వీపీఎన్ కోసం. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఒకటి కొంటే రెండు వర్చువల్ మెషీన్ల దాకా వాడుకోవచ్చు. అందుకే విండోస్‌వి రెండు దాటకుండా చూసుకున్నాను.

ఫిబ్రవరి 1, శనివారం, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ రోల్ వేశాను, అంటే దూరం నుంచి చాలామంది ఒకేసారి లాగిన్ అయ్యేలా చేసే విండోస్ భాగం. ఆ తేదీ ఎందుకు గుర్తుందంటే, అదే రోజు కేంద్ర బడ్జెట్. ఆఫీసంతా హాల్లో టీవీ ముందు ఉంది. 12 లక్షల దాకా పన్ను లేదనగానే ఒక్కసారి కేకలు వినిపించాయి. నేను జిరాక్స్ గదిలో ఒక్కడినే కూర్చుని 'ఇన్‌స్టలేషన్ సక్సీడెడ్' అన్న మాట కోసం చూస్తున్నాను. ఈ తేదీ మళ్లీ జూన్‌లో నా మెడకు చుట్టుకుంది.

ఆ మర్నాటి వారం చేసిన తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. ఫిబ్రవరి 8 సాయంత్రం ఇంటి నుంచి టెస్ట్ చేద్దామని రౌటర్‌లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ వచ్చే తలుపు, నేరుగా సర్వర్‌కి తెరిచాను. సోమవారం వీపీఎన్ పెట్టేదాకా ఒక్క రెండు రోజులే కదా అనుకున్నాను. సోమవారం పొద్దున, సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, సెక్యూరిటీ లాగ్ నిండా 4625 నంబరు ఈవెంట్లు, అంటే ఫెయిలైన లాగిన్లు. ఒకదాని కింద ఒకటి, సెకనుకు రెండు మూడు చొప్పున. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్, స్కాన్, ట్యాలీ అన్న పేర్లతో ఎక్కడెక్కడి నుంచో ప్రయత్నిస్తూనే ఉన్నారు. ట్యాలీ అన్న పేరు చూశాక చేతులు చల్లబడ్డాయి. మన దగ్గరి ఆఫీసుల్లో ఆ పేరుతో అకౌంటు పెడతారని తెలిసినవాళ్లే అది ప్రయత్నిస్తారు. అదృష్టం బాగుండి ఎవరూ లోపలికి రాలేదు. ఆ క్షణమే పోర్టు మూసేసి, అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చి, సార్‌కి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇంకెప్పుడూ తెరవనని రాసి పెట్టుకో" అన్నారు. అప్పటి నుంచి వైర్‌గార్డ్ వీపీఎన్ ద్వారా తప్ప సర్వర్ బయటి ప్రపంచానికి కనిపించదు. మనిషికో కీ ఇస్తాను, మానేసిన రోజే దాన్ని తీసేస్తాను.

వీపీఎన్‌కి స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా మాకే ఉండే ఇంటర్నెట్ చిరునామా కావాలి. అది నేను ఆ పోర్టు తెరవడానికి ముందే తీసుకున్నాం. మా పాత ఫైబర్ కనెక్షన్‌లో బయటి ఐపీ మాది కాదు, వందల మంది పంచుకునేది. దాంతో అప్పట్లో బయటి నుంచి ఎవరూ మా రౌటర్ దాకా రాలేకపోయేవాళ్లు. ఈ సంగతి తెలుసుకోవడానికి రెండు రోజులు, స్టాటిక్ ఐపీ రావడానికి పదకొండు రోజులు పట్టింది. రెండో లైను కూడా వేరే సంస్థ దగ్గర తీసుకున్నాం. ముందు నెట్ పోతే పని కాస్త ఆగేది. ఇప్పుడు పోతే ఇళ్లలో ఉన్న అందరూ ఒకేసారి ఆగిపోతారు.

మార్చిలో ఏదీ ముట్టుకోవద్దని సార్ గట్టిగా చెప్పారు. ఆడిట్ ఆఫీసులో మార్చి 31 దాకా సిస్టమ్ మార్చకూడదు. ఆ నెలంతా ముగ్గురితో మాత్రం టెస్ట్ చేయించాను. అదే నెలలో బ్యాకప్ నిజంగా తిరిగి లేస్తుందా అని కూడా చూశాను. పాత కంప్యూటర్ ఒకదాని మీద ప్రాక్స్‌మాక్స్ వేసి, రాత్రి బ్యాకప్‌ని దాని మీదకు ఎత్తాను. 3 గంటల 10 నిమిషాలు పట్టింది. మెషీన్ లేచింది, ట్యాలీ తెరుచుకుంది, కంపెనీలన్నీ ఉన్నాయి. సంతోషంగా ఒక వోచర్ కొట్టబోతే 3వ తేదీ తీసుకోలేదు. 1వ తేదీ తీసుకుంది, 2 తీసుకుంది. అప్పుడు పైన చూస్తే ఎడ్యుకేషనల్ మోడ్ అని ఉంది, అంటే లైసెన్సు లేనప్పుడు కొన్ని తేదీలే తీసుకునే మోడ్. మెషీన్ మారింది కాబట్టి లైసెన్సు గుర్తుపట్టలేదు. ఇది ముందే తెలిసినందుకు ఆ రోజు ఎంత మేలు జరిగిందో! నిజంగా సర్వర్ పోయిన రోజు ఈ సంగతి బయటపడి ఉంటే, డేటా ఉండీ పని ఆగేది. ఇప్పుడు ట్యాలీ లైసెన్సు సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ, యాక్టివేట్ చేసే పద్ధతి ఒక కాగితం మీద రాసి సార్ బీరువాలో పెట్టాం.

ఏప్రిల్ 7, సోమవారం అందరినీ కొత్త సర్వర్‌కి మార్చాను. పదిన్నర దాకా బాగానే ఉంది. పదకొండయ్యేసరికి మౌస్ కదిపితే రెండు సెకన్ల తర్వాత కదులుతోంది. ఆర్టికల్స్ ఒక్కొక్కరూ వచ్చి గది తలుపు దగ్గర నిలబడుతున్నారు. టాస్క్ మేనేజర్ చూస్తే ట్యాలీ అసలు లెక్కలోకే రావట్లేదు. ర్యామ్ అంతా క్రోమ్ తింటోంది. జీఎస్టీ పోర్టల్, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, బ్యాంకు, మెయిల్ అని ఒక్కొక్కరు పదిహేను ట్యాబులు తెరిచారు. సెషన్ హోస్ట్‌కి నేనిచ్చింది 40 జీబీ. భోజనం టైములో ఆ మెషీన్ ఆపి, సెట్టింగుల్లో 40 తీసి 88 కొట్టి మళ్లీ ఆన్ చేశాను. ఏడు నిమిషాలు. స్క్రూ డ్రైవర్ పట్టుకోలేదు, షాపుకి పరిగెత్తలేదు. వర్చువలైజేషన్ పెట్టుకున్నందుకు నాకు మొదటిసారి నిజమైన సంతోషం కలిగింది ఆ రోజే.

తర్వాతి రెండు వారాలు యంత్రంతో కాదు, అలవాట్లతో గడిచాయి. మొదట ట్యాలీ, ఎక్సెల్ మాత్రమే విడి విండోలుగా కనిపించేలా రిమోట్ యాప్ పద్ధతిలో ఇచ్చాను. లాప్‌టాప్‌లో మామూలు ప్రోగ్రాముల్లాగే కనిపిస్తాయి, ముచ్చటగా ఉంటుంది. కానీ సేవ్ చేసిన ఫైలు ఏ కంప్యూటర్లో ఉందో ఎవరికీ అర్థం కాలేదు. ఒక పెద్దాయన మధ్యాహ్నమంతా చేసిన స్టేట్‌మెంట్‌ని తన లాప్‌టాప్‌లో వెతుక్కుని, కనపడక, మళ్లీ మొదటి నుంచి చేశారు. మర్నాడు ఆ రెండూ నాకు చూపిస్తే బాధనిపించింది. ఆయన వయసులో ఉన్నవాళ్లకు ఇది ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఆ తర్వాత వయసులో పెద్దవాళ్లకు పూర్తి డెస్క్‌టాప్ ఇచ్చాను, వెనక రంగు నీలం చేశాను. "నీలం రంగు కనిపిస్తే ఆఫీసులో ఉన్నట్టు, లేకపోతే ఇంట్లో ఉన్నట్టు" అని చెప్పాను. ఆ ఒక్క మాటతో ఫోన్లు సగానికి సగం తగ్గాయి.

వాట్సాప్ సంగతి నేను అసలు ఊహించలేదు. మా క్లయింట్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లుల ఫొటోలు, నోటీసులు అన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు. క్లయింట్ల డేటా బయటికి పోకూడదని ఇంటి డ్రైవులకీ సర్వర్‌కీ మధ్య కాపీ, పేస్ట్ ఆపేశాను. దాంతో ఫోనుకి వచ్చిన ఫైలు సర్వర్‌లోకి వెళ్లే దారి లేకుండా పోయింది. రెండు రోజుల్లో ఒకరు తన సొంత మెయిల్‌కి పంపుకుని అక్కడి నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. అంటే నేను వేసిన తాళం వల్ల డేటా ఇంకా ఎక్కువగా బయట తిరుగుతోంది. సార్‌తో కూర్చుని ఆలోచించి, ఆఫీసు నంబర్లు రెండిటికి మాత్రం సర్వర్ లోపలే వాట్సాప్ వెబ్ పెట్టాం. క్లయింట్లందరికీ ఇక ఆ నంబర్లకే పంపమని మెసేజ్ పెట్టాం. అందరూ మారడానికి జూన్ దాకా పట్టింది.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, అంటే కంప్యూటర్‌లో సంతకం పెట్టడానికి గుచ్చే చిన్న యూఎస్‌బీ పరికరాల దగ్గర మూడు రాత్రులు పోయాయి. టోకెన్‌ని సర్వర్‌కే గుచ్చి, అక్కడి నుంచి వర్చువల్ మెషీన్‌కి ఇచ్చాను. సర్వర్ ముందు కూర్చుంటే కనిపిస్తుంది. ఇంటి నుంచి లాగిన్ అయితే మాయం. డ్రైవర్ తీసి వేశాను, వేరే పోర్టు మార్చాను, లాభం లేదు. తర్వాత తెలిసింది, రిమోట్ సెషన్‌లో ఉన్నప్పుడు విండోస్ ఇలాంటి టోకెన్లని (అది వీటిని స్మార్ట్ కార్డులుగా చూస్తుంది) మన చేతిలో ఉన్న కంప్యూటర్లోనే వెతుకుతుంది, సర్వర్‌కి గుచ్చినదాన్ని చూడదు. అందుకే సార్ తన టోకెన్‌ని తన లాప్‌టాప్‌కి గుచ్చితే ఇంటి నుంచీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పైగా సంతకం చేయించే చిన్న ప్రోగ్రాములు ఒకే మెషీన్‌లో ఇద్దరు ఒకేసారి నడిపితే కొట్టుకుంటున్నాయి. చివరికి సంతకాల పని సర్వర్ మీద నుంచి తీసేశాను. ఆఫీసులో ఒక మామూలు కంప్యూటర్ దానికే ఉంచాం, అవసరమైన రోజు ఒకరు వచ్చి చేస్తారు. అన్నీ ఇంటి నుంచే జరగాలని పట్టుబట్టి ఉంటే నేను ఇంకా అక్కడే ఉండేవాడిని.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి రెండు గంటల ఇరవై నిమిషాలు కరెంటు పోయింది. యూపీఎస్ 45 నిమిషాలు లాగి చేతులెత్తేసింది. ఇళ్లలో కరెంటు ఉండి పని చేసుకుంటున్న 9 మంది ఒక్కసారిగా బయట పడ్డారు. ఒక కంపెనీ ట్యాలీ డేటా రిపేరు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు బ్యాటరీ ముప్పై శాతానికి రాగానే సర్వర్ తనంతట తానే మెషీన్లన్నిటినీ పద్ధతిగా ఆపి పడుకుంటుంది. కరెంటు రాగానే లేచేలా బయాస్‌లో సెట్టింగు మార్చాను. బ్యాటరీలు కూడా పెంచాం. జనరేటర్ మా బిల్డింగ్ సెల్లార్‌లో ఉంది. బుడమేరు చూశాక దాని మీద నమ్మకం పెట్టుకోలేదు.

ఇక జూన్ 2, సోమవారం. పొద్దున తొమ్మిది నలభైకి మొదటి ఫోను. "సర్, లాగిన్ అవ్వట్లేదు." ఐదు నిమిషాల్లో పన్నెండు ఫోన్లు. రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ సర్వర్లు ఏవీ లేవని మెసేజ్. బడ్జెట్ రోజున వేసిన రోల్‌కి 120 రోజుల గడువు ఉంటుంది. ఫిబ్రవరి 1 నుంచి లెక్కేస్తే జూన్ 1 ఆదివారంతో అయిపోయింది. లైసెన్సులు కొన్నాం కదా అని ఇన్‌వాయిస్ తీసి చూశాను. 22 సర్వర్ క్యాల్స్, అంటే సర్వర్ వాడుకోవడానికి మనిషికొకటి చొప్పున కొనే లైసెన్సులు ఉన్నాయి. కానీ రిమోట్ డెస్క్‌టాప్‌కి వేరే క్యాల్స్ ఉంటాయి, అవి విడిగా కొనాలి. రెండూ ఒకటే అనుకున్నాను. డీలర్ కూడా చెప్పలేదు. ఈ నాలుగు నెలలూ సర్వర్ స్క్రీన్ మూలన లైసెన్సు మోడ్ పెట్టలేదని చిన్న హెచ్చరిక వస్తూనే ఉంది. నేను ప్రతిసారీ మూసేశాను.

తెలిసిన స్నేహితుడు ఒకరు ఫోనులో, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక కీ తీసేస్తే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని చెప్పాడు. సార్‌ని అడిగాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మనం ఊళ్లో వాళ్ల లెక్కలు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టేవాళ్లం. రెండు రోజులు ఆగినా పర్లేదు, కొనెయ్" అన్నారు. ఆర్డర్ పెట్టిన 49 గంటలకు మెయిల్‌లో కీ వచ్చింది. ఆ రెండు రోజులు అందరూ ఆఫీసుకొచ్చి, డేటా ఫోల్డర్‌ని పాత డెస్క్‌టాప్‌ల నుంచి తెరిచి పని చేశారు. బుధవారం మధ్యాహ్నానికి మళ్లీ అందరూ లోపలికి వచ్చారు.

ఆ రాత్రి మొత్తం లెక్క రాశాను. సర్వర్ 3,95,000. యూపీఎస్, బ్యాటరీలు 88,000. విండోస్ సర్వర్ 82,000. సర్వర్ క్యాల్స్ 22కి 74,800. రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్స్ 22కి 2,53,000. స్టాటిక్ ఐపీ, రెండో లైను ఏడాదికి 18,000. స్విచ్చి, కేబుళ్లు, చిల్లర సామాన్లు 22,000. మొత్తం 9,32,800. నేను మొదట రాసిచ్చింది ఐదున్నర. తేడా దాదాపు అంతా లైసెన్సులదే. ఎక్సెల్ ఖర్చు ఇందులో లేదు. మా డెస్క్‌టాప్‌లతో వచ్చిన పాత ఆఫీస్ లైసెన్సులు ఇలాంటి సర్వర్ మీద పనిచేయవు. షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్, అంటే ఒకే మెషీన్‌లో చాలామంది వాడుకునే వీలు ఉన్న ప్లాన్ తీసుకోవాల్సి వచ్చింది, అది ఏటేటా కట్టేది. ఎవరైనా కొటేషన్ తీసుకుంటుంటే ముందు ఈ మూడింటి గురించే అడగండి: సర్వర్ క్యాల్, రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్, ఆఫీస్. పెట్టె ధర తర్వాత మాట్లాడొచ్చు.

ఖర్చు కలిసొచ్చిన చోటు కూడా ఉంది. మా డెస్క్‌టాప్‌లు చాలావరకు ఏడెనిమిదేళ్లవి, నాలుగు జీబీ ర్యామ్‌వి. ఆ ఏడాది వాటిని మార్చేద్దామనుకున్నాం. పనంతా సర్వర్ మీదే జరుగుతుంది కాబట్టి వాటిలో పద్నాలుగింటిని ఇంకా వాడుతున్నాం. ఇంట్లో కంప్యూటర్ లేని నలుగురికి వాటిలోవే ఇచ్చి పంపాం.

ఒక సెట్టింగు గురించి జులైలో సార్‌కీ నాకూ చిన్న వాదన జరిగింది. నెట్ తెగిపోయిన సెషన్‌ని ఎంతసేపు బతికించాలి? ర్యామ్ మిగులుతుందని నేను పది నిమిషాలన్నాను. "నెట్ పోయినవాడికి పది నిమిషాల్లో వస్తుందా?" అని సార్ నాలుగు గంటలు పెట్టించారు.

2025లో ట్యాక్స్ ఆడిట్ గడువు ముందు అక్టోబర్ 31కి పెరిగింది. ఆ వారమే మొంథా తుఫాను. అక్టోబర్ 28, మంగళవారం, రాత్రికి కాకినాడ చుట్టుపక్కల తీరం దాటుతుందని వార్తలు. ఎవరూ ఆఫీసుకు రావొద్దని సార్ ముందు రోజే చెప్పేశారు. నేను మాత్రం వచ్చాను. కిటికీలు మూసి, జిరాక్స్ గదిలో ఫ్యాన్ల చప్పుడు మధ్య కూర్చున్నాను. పొద్దున పదికల్లా 17 సెషన్లు. గడువు నవంబర్ 10కి మళ్లీ పెంచుతున్నట్టు మర్నాడు ప్రకటించారు గానీ, ఆ రోజు మాకది తెలియదు. మూడు రోజులే ఉన్నాయనుకుని అందరూ పని చేస్తున్నారు.

రాత్రి ఏడుంపావుకి అక్క సెషన్ పక్కన 'డిస్కనెక్టెడ్' అని పడింది. సింగ్ నగర్ అని గుర్తొచ్చి వెంటనే ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్లీ చేశాను. మూడోసారికి ఆవిడే చేశారు.

"తమ్ముడూ, కరెంటు పోయింది. నీళ్లేం రాలేదు, బాగానే ఉన్నాం. వైఫై లేదు కదా, ఫోను నెట్ పెట్టి లాప్‌టాప్‌కి ఇస్తున్నాను. పెద్ద ఎంట్రీ కొడుతున్నాను, నలభై లైన్లు. అంతా పోయిందా?"

"లాగిన్ అయి చూడండక్కా" అన్నాను.

ఫోను పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. వాన చప్పుడు, కీబోర్డు చప్పుడు. నా స్క్రీన్ మీద ఆవిడ పేరు పక్కన 'యాక్టివ్' అని మారింది. కాసేపు ఏ మాటా లేదు.

"ఉంది తమ్ముడూ" అన్నారు. "ఆపిన లైను దగ్గరే ఉంది."